లెక్కల పుస్తకం తీయగానే దాహం

బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే చోట పొద్దున్నే ఒక తంతు జరుగుతుంది. లెక్కల పుస్తకం తీయగానే పిల్లవాడికి దాహం వేస్తుంది. తాగొచ్చాక పెన్సిల్ ముక్కు విరుగుతుంది. చెక్కుకున్నాక రబ్బరు కనపడదు. గంట కొట్టేవాళ్లు లేరు, టీచరేమో అమ్మే. ఇక బతిమాలుళ్లు, అలకలు!

1981లో కెనడాలో పుట్టిన ఎరిక్ డిమెయిన్‌కు చిన్నప్పుడు గురువు తండ్రి మార్టినే. ఇద్దరూ ఊరూరా తిరుగుతూ ఉండేవారు. కంప్యూటర్ ఆటలు ఎలా తయారవుతాయో తెలుసుకోవాలని పిల్లవాడికి సరదా పుట్టింది. దాంతో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టాడు, దాని వెనకే లెక్కలూ వచ్చాయి. 12వ ఏట విశ్వవిద్యాలయంలో చేరి, 2001లో 20 ఏళ్లకే ఎంఐటీలో ఆచార్యుడయ్యాడు. అంత మేధ అందరికీ ఉండదు, నిజమే. కానీ ముందు అవసరం, తర్వాత పాఠం అన్న వరస ఏ ఇంటికైనా పనికొస్తుంది.

అష్టాచెమ్మానే చూడండి. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. కాయ పండడానికి ఏడు గళ్లుంటే, మూడు పడింది. ఇంకెన్ని కావాలి? 'నాలుగు, చెమ్మా పడాలి!' అని పిల్లవాడు అరుస్తాడు. తీసివేత అయిపోయింది, దాహం మాత్రం వేయలేదు.

ఆ ఊపులోనే పలక అందించాలి. మొదటి లెక్క నిన్న వచ్చినదే అయితే చెయ్యి తేలిగ్గా కదులుతుంది. పది నిమిషాలు చాలు. పక్కనే అమ్మ పాల లెక్క రాసుకుంటూ కూర్చుంటే ఇంకా మంచిది.

పరీక్షల బెంగ ఉన్నవారికి సార్వత్రిక విద్యాసంస్థ ఎన్‌ఐఓఎస్ ఉంది. అందులో ఏ, బీ, సీ స్థాయిలు 3, 5, 8 తరగతులకు సమానం.