వ్రాత యొకటి – పలుకు వేఱు

మా యింట జరిగిన యొక చిన్న సంగతితో ఈ వ్యాసము నారంభించుచున్నాను. మా యింటివారు పాఠశాలలో ఉపాధ్యాయులు. నేను మాత్రము బడి గడప త్రొక్కినదానను గాను. మా తండ్రిగారి యొద్ద అమరము, రఘువంశము, ఆంధ్రమహాభారతము చదువుకొంటిని. ఇంగ్లీషు పెండ్లియైన పిదప వంటపనుల నడుమ, పిల్లల వాచకములు చూచి కూడబలుకుకొని నేర్చుకొన్నది.

తొమ్మిదేండ్ల మా చిన్నవాడు ఒక రాత్రి ఇంగ్లీషు వాచకము తెచ్చి నా ప్రక్కన కూర్చుండెను. ఆర్, ఓ, యు, జి, హెచ్ అను నక్షరములు గల మాట 'రఫ్' అనియు, అందు ఆర్ స్థానమున టి యున్నచో 'టఫ్' అనియు అంతకుముందు వాడే నాకు చదివి వినిపించియుండెను. ఆ రాత్రి డి మొదటగా తక్కిన నాలుగక్షరములును అవియే వచ్చినవి. "అమ్మా, దీని నెట్లు చదువవలెను?" అని యడిగెను. సూత్రము తెలిసిన పిమ్మట లక్ష్యములన్నియు దాని ననుసరించునని నమ్మిన చదువు నాది. సందేహింపక 'డఫ్' అని చెప్పితిని. మఱునాడు తరగతిలో వాడట్లే చదివెను. పిల్లలందఱు నవ్విరట. సాయంకాలము వాడు ఇంటికి వచ్చి, "నీకు రాదమ్మా, ఇకమీదట నాన్నగారినే అడిగెదను" అని పుస్తకము తీసికొని అవతలి గదిలోనికి పోయెను. ఆ మాటలో కోప మేమియు లేదు. అందుచేతనే నాకు మఱింత కష్టము తోచెను.

మా యింటివారు విని నవ్వి, "అది 'డో'. పిండిముద్ద యని యర్థము. ఇంగ్లీషునకు కారణ మడుగరాదు, వల్లె వేయవలెను" అనిరి. కారణము లేని వ్రాత యుండునా యని నాకు తోచినది. వారి పెద్ద నిఘంటువు ముందు వేసికొని, ఓ, యు, జి, హెచ్ అను నాలుగక్షరములు చివర గలిగి, మొత్తము ఐదే యక్షరములు గల మాటలను వెదకితిని. ఎనిమిది దొరికినవి. మొదటి యక్షరము, పలుకు, అర్థము అను వరుసలో వాటిని వ్రాయుచున్నాను.

బి – బౌ: చెట్టుకొమ్మ.
సి – కాఫ్: దగ్గు.
డి – డో: రొట్టెకు కలిపిన పిండిముద్ద.
హెచ్ – హాక్: పశువుల వెనుకకాలి నడిమి కీలు.
ఎల్ – లాఖ్: ఐర్లండు దేశమున సరస్సునకు పేరు.
ఆర్ – రఫ్: గరుకైనది.
ఎస్ – సౌ, సఫ్ అని రెండు విధములు: చెట్లలో గాలి చేయు నిట్టూర్పువంటి ధ్వని.
టి – టఫ్: సులభముగ తెగనిది, గట్టిది.

నాలుగక్షరములు ఒక్కటియే, పలుకులు ఇన్ని! దీనికి కారణము వినుడు. ప్రాచీనకాలమున ఇంగ్లండువారు ఇట్టి మాటల చివర నాలుక మొదటినుండి వెడలు నొక యూపిరిధ్వనిని పలికెడివారు. 1066 లో నార్మనులు ఆ దేశమును జయించిన పిదప, ఫ్రెంచి వ్రాతకు అలవాటుపడిన లేఖకులు ఆ ధ్వనిని జి, హెచ్ అను రెండక్షరములతో వ్రాయసాగిరి. 1476 లో కాక్స్‌టన్ అనునతడు వెస్ట్‌మినిస్టరులో ముద్రాయంత్రమును నెలకొల్పెను. అచ్చు వ్యాపించినకొలది వ్రాత స్థిరపడెను. నోరు మాత్రము నిలువలేదు. కొన్ని మాటలలో ఆ యూపిరి పూర్తిగా నణగిపోయెను. అవియే బౌ, డో. కొన్నిట నది గొంతు విడిచి పెదవులకు చేరి 'ఫ్' అయ్యెను. అవియే కాఫ్, రఫ్, టఫ్. ఐర్లండువారి లాఖ్ అను మాటలో నది నేటికిని గొంతుననే యున్నది.

ఇది చదివినప్పుడు నాకు పాత చుట్టము నెదుట చూచినట్లయ్యెను. మన విసర్గము సంగతి యెఱుగుదుము గదా! 'అంతఃకరణము' అనునప్పుడు కకారము ముందున్న విసర్గము నాలుక మొదటినుండి పుట్టును. దానికి జిహ్వామూలీయమని పేరు. 'అంతఃపురము' అనునప్పుడు పకారము ముందున్నది పెదవులనుండి పుట్టును. అది ఉపధ్మానీయము. ఒకే యూపిరి యొకచోట గొంతున, నొకచోట పెదవిపై నిలుచుట మన వైయాకరణులు ఏనాడో గుర్తించి పేర్లు పెట్టిరి. మా తండ్రిగారు వల్లె వేయించిన యా రెండు పేర్లు ఇంగ్లీషు వాచకమునకు తాళపుచెవి యగునని నేను కలలోనైన ననుకొనలేదు.

పలుకని యక్షరము వ్రాయుదురని ఇంగ్లీషువారిని నవ్వుటకును మనకు వీలు లేదు. మన అరసున్న యట్టిదే. 'ఏఁడు' అనగా సంవత్సరము, 'ఏడు' అనగా సంఖ్య. నోట రెండును ఒక్కటే. ఒకప్పుడు మొదటిదానిలో ముక్కుతో పలుకు ధ్వని యుండెను. ధ్వని పోయినను దాని గుర్తు చాలకాలము వ్రాతలో మిగిలెను. నేటి పత్రికలలో ఆ గుర్తును లేదు. ఉదాహరణమునకు దక్క నేనును ఈ వ్యాసమున దానిని వ్రాయలేదు.

ఇక అర్థములలో నింకొక వింత గలదు. సంస్కృతము, గ్రీకు, లాటిను భాషలు ఏకమూలమునుండి పుట్టియుండవలెనని సర్ విలియం జోన్సు 1786 లో కలకత్తాలో చెప్పెను. ఇంగ్లీషును ఆ కుటుంబములోనిదే. పై పట్టికలోని 'బౌ' మన 'బాహు' శబ్దమునకు తోబుట్టువు. ప్రాచీనాంగ్లమున దానికి భుజమనియు అర్థ ముండెను. చెట్టుచేయియే కొమ్మ! 'డో' అను మాటయు, మన 'దేహ' శబ్దమునకు మూలమైన 'దిహ్' ధాతువును ఒక్క మూలమునుండి వచ్చినవే. పూయుట, మెత్తుట అని ఆ ధాతువున కర్థము. మఱియొకటి వినుడు. గౌరవముగా స్త్రీలను పిలుచు 'లేడీ' అను మాటకు మొదటి యర్థము 'రొట్టెపిండి పిసుకునది' యని. అందలి రెండవ భాగమునకును 'డో' యే చుట్టము. వంటయింటి చేతికి అంతటి పేరు!

మఱునాటి రాత్రి చపాతీలకు పిండి కలుపుచు వానిని పిలిచితిని. పిండిముద్ద చేతిలో బెట్టి, "ఇది డో. మెత్తనిది, చివర చప్పుడు లేదు. గరుకైన రఫ్, తెగని టఫ్, గొంతు గీయు కాఫ్, ఈ మూటికిని చివర పెదవి యూపిరి" అని చెప్పితిని. వాడు మూడుసార్లు దగ్గి చూపి నవ్వెను. అప్పుడు నిఘంటువులో నేను కనుగొన్న కడపటి సంగతి చెప్పితిని. ఇంగ్లండు ఉత్తరభాగమున కొందఱు ఈ మాటనే 'డఫ్' అని పలికిరి. ఆ పలుకు వేఱు వ్రాతతో నిఘంటువున కెక్కి, పిండితో ఉడికించు నొక తీపివంటకమునకు పేరైనది.

"అయితే నీవు చెప్పినది తప్పు కాదా?" అని వాడు కన్నులు పెద్దవి చేసెను.

"మీ వాచకములోని మాటకు తప్పే. బడిలో డో అనియే చదువుము. కాని నోరు నడచిన త్రోవలోనే నేనును నడచితిని" అంటిని.

వాడు చేతులు కడుగుకొనక యే వాచకము తెచ్చి, తరువాతి పుట తెఱచి, "ఇది యెట్లు పుట్టినదో చూతమా?" అని నా ప్రక్కన కూర్చుండెను. ఆ పుటపై పిండి వ్రేలిముద్ర యింకను ఉన్నది.

సోదరీమణులారా! బిడ్డ యడిగినదానికి బదులు తెలియనిచో సిగ్గుపడి తప్పించుకొనకుడు. నిఘంటువు తెచ్చుకొని వానితో గూడ వెదకుడు. మన మిదివఱకు నేర్చినది ఏదియు వ్యర్థము కాదు.