పదునాలుగు సెకండుల తగవు

ముష్టియుద్ధప్రియులలో నేటికిని తెగని తగవొకటి కలదు. దానిని మా విద్యార్థులకు వివరింపదలచితిమి.

1926వ సంవత్సరమున అమెరికా దేశీయుడైన జీన్ టన్నీ, జాక్ డెంప్సీని ఓడించి ప్రపంచ హెవీవెయిట్ బిరుదును గైకొనెను. 1927 సెప్టెంబరు 22వ తేదీన చికాగో నగరమున వారు మరల తలపడిరి. డెంప్సీ మీదికురికి కొట్టువాడు. టన్నీ దూరము కాపాడుకొనుచు అదను చూచి కొట్టువాడు.

ఏడవ రౌండులో టన్నీ నేలకూలెను. పడగొట్టినవాడు ఇరువురికిని చెందని దూరపు మూలకు పోవలెను. అంతవరకు రెఫరీ లెక్కింపరాదు. పడినవాడు లేచుచుండగనే మరల దెబ్బ తినకుండుటకే ఈ నియమము. ఉభయులకును ఇది ముందుగా తెలిసినదే. అయినను డెంప్సీ వెంటనే కదలలేదు, లెక్క ఆలస్యమయ్యెను. రెఫరీ "తొమ్మిది" అనునప్పటికి టన్నీ లేచెను. అప్పటికి సుమారు 14 సెకండులు గడచెనందురు. పిమ్మట అతడు వెనుకకు జరుగుచు తప్పించుకొని, పది రౌండులు ముగిసినపుడు తీర్పున గెలిచెను.

ఎనిమిదవ రౌండులో డెంప్సీ పడగా లెక్క వెంటనే మొదలయ్యెనని అతని పక్షమువారి ఆక్షేపణ. తొమ్మిదివరకు ఆగుట టన్నీ హక్కనియు, అవసరమైనచో అతడు ముందే లేచియుండుననియు ప్రతిపక్షమువారి సమాధానము.

డెంప్సీ మరల బిరుదుకై పోరలేదు. టన్నీ 1928లో విజేతగనే విరమించెను. తరువాత వారిరువురును మిత్రులైరి. తగవు మాత్రము చూచినవారికి మిగిలెను.

టన్నీ లేచియుండునో లేదో ఎవరును నిర్ణయింపజాలరు. డెంప్సీ పోగొట్టుకొనిన క్షణములు మాత్రము అతడు నిలిచిన చోటనే పోయినవి. నియమము నెరుగుట సులభము. ఆవేశమున దానిని మరువకుండుటయే కష్టము.