పక్క సాలులోని అక్కను గమనించండి

వరి ఆకు కాస్త రంగు మారితే చాలు, ఏ తెగులోనని గట్టు దిగి చూస్తాం. అదే మన పక్క సాలులో నాట్లేసే అక్క చెయ్యి కమిలి ఉంటే మాత్రం 'వాళ్ళింటి గొడవ, మనకెందుకులే' అని ఊరుకుంటాం. అలా ఊరుకోవద్దని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

ఎలా గుర్తించాలి?

పొలంలో అందరూ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటారు కాబట్టి దెబ్బలు బయటపడవు. అందుకే మిగతా సంగతులు చూడండి. 'జారిపడ్డా', 'గేదె పొడిచింది' అని మాటిమాటికీ చెబుతోందా? పొద్దు వాలేసరికి బెదిరిపోతోందా? కూలి డబ్బులు, పాల డబ్బులు చేతికి రాగానే లాక్కుంటున్నారా? పుట్టింటి బంగారాన్ని ఆమెకు చెప్పకుండా తాకట్టు పెట్టారా? పుట్టింటికి పోనివ్వడం లేదా? ఇవన్నీ హింసే. 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉన్న గృహహింస చట్టం కొట్టడాన్నే కాదు, తిట్టి అవమానించడాన్నీ, డబ్బు దగ్గర ఏడిపించడాన్నీ నేరుగా హింస కిందే లెక్కగట్టింది.

గొంతు నులిమినా, చంపుతానన్నా ప్రాణాపాయమే. ఆలస్యం చేయకుండా 112కు ఫోన్ చేయండి. ఆమె నోట చావు మాట వస్తే ఒంటరిగా వదలకండి. పురుగుమందు డబ్బాలు ఆమెకు అందకుండా తాళం వేయించండి.

మీరేం చేయాలి?

భర్త, అత్తమామల ఎదుట అడగొద్దు. ఇద్దరే ఉన్నప్పుడు మెల్లగా కదపండి. 'సర్దుకుపో' అనొద్దు. ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకం నమ్మకస్తుల ఇంట దాచుకోమనండి. ఆసుపత్రిలో దెబ్బ ఎలా తగిలిందో నిజం చెప్పి, చీటీ భద్రపరచుకోమనండి.

181 మహిళల సహాయ నంబరు. రక్షణ అధికారికి ఇరుగుపొరుగు ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చు. మంచి మనసుతో చెప్పినవారి మీద కేసు ఉండదు. సఖి కేంద్రంలో వైద్యం, పోలీసు సాయం, కొద్దిరోజులు తలదాచుకునే వీలు దొరుకుతాయి. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. నంబరు 15100.

ఇల్లు భర్త పేరనో మామ పేరనో ఉంది కదా, గెంటేస్తే ఎక్కడికి పోను అని చాలామంది నోరు విప్పరు. కాగితం ఎవరి పేరున ఉన్నా, తాను కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఆమెకు చట్టమే ఇచ్చింది. ఈ ఒక్క మాటైనా రేపు నాట్ల దగ్గర నలుగురికీ చెప్పండి.