బొగ్గు గని - ఊరి బావి

వేసవిలో ఊరి బావి అడుగంటినప్పుడు గని ప్రాంతపు ప్రజలకు తోచు మొదటి ప్రశ్న యిది: వానలు తగ్గుటవలన నీరు పోయినదా, లేక ప్రక్కన త్రవ్విన గనివలన పోయినదా? ఈ ప్రశ్నకు ఊహతో సమాధానము చెప్పరాదు, కొలతతోనే చెప్పవలెను. ఆ కొలత గని త్రవ్వుటకు పూర్వమే మొదలు కావలెను. పిమ్మట మొదలుపెట్టిన కొలత సగము సాక్ష్యము మాత్రమే.

నేలలోని నీరు ఎట్లు కదలును?

తెలంగాణములో ఇల్లెందు వద్ద 1889లో బొగ్గు త్రవ్వకము ప్రారంభమైనది. నేడు గోదావరి లోయ వెంబడి కొత్తగూడెము, రామగుండము, మందమర్రి, భూపాలపల్లి మొదలగు చోట్ల సింగరేణి గనులు కలవు. ఇచ్చట బొగ్గు పొరలు ఇసుకరాతి పొరల నడుమ నుండును. ఇసుకరాయి చూపునకు గట్టిదైనను, దాని రేణువుల సందులలోను, పగుళ్ళలోను వాననీరు ఇంకి నిలుచును. అనేక గ్రామముల బావులకును, బోరింగులకును ఆ నీరే ఆధారము. బొగ్గును, నీటిని ప్రకృతి ఒకే గాదెలో దాచినది. ఒకదానిని తీయునపుడు రెండవది కదలక మానదు.

గని నీటిమట్టము కంటె లోతునకు దిగినప్పుడు చుట్టుపట్ల నీరు దానిలోనికి ఊరును. పని సాగుటకై ఆ నీటిని పంపులతో తోడివేయుదురు. అందుచే భూగర్భజల మట్టము గని చుట్టును గరాటు ఆకారమున క్రుంగును. దగ్గర బావులలో నీరు ఎక్కువగాను, దూరపు బావులలో తక్కువగాను తగ్గును. ఆ గరాటు ఎంత దూరము వ్యాపించుననునది రాతి స్వభావము, గని లోతు, త్రవ్వకము సాగిన కాలము, వాన పరిమాణము మున్నగు వానిపై ఆధారపడియుండును.

నీటి గుణము

నీరు తగ్గుట ఒక చిక్కు; మిగిలిన నీరు చెడుట వేరొక చిక్కు. బొగ్గు పొరలలో పైరైటు అను ఖనిజముండును. అది ఇనుము, గంధకముల కలయిక. గాలియు నీరును సోకినప్పుడు అది గంధకామ్లమును పుట్టించును. మేఘాలయలోని జయంతియా కొండల బొగ్గులో గంధకము అధికము. అచ్చట గనుల నీరు కలిసి వాగులు ఆమ్లమయములైనవి. 2014లో జాతీయ హరిత న్యాయస్థానము ఆ రాష్ట్రమున ఎలుకబొరియల వంటి గనుల త్రవ్వకమును నిషేధించినది. గోదావరి లోయ బొగ్గులో గంధకము తక్కువ గనుక ఇచ్చట ఆమ్లభయము అంతగా లేదు. అయినను పగిలిన రాళ్ళ గుండ పారు నీటిలో లవణములు, సల్ఫేటు, కఠినత్వము పెరుగవచ్చును.

2012 నాటి భారతీయ ప్రమాణము ననుసరించి, లీటరు త్రాగునీటిలో కరిగిన లవణములు మొత్తము 500 మిల్లీగ్రాములకును, సల్ఫేటు 200 మిల్లీగ్రాములకును మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచో 2000, 400 వరకు అనుమతి కలదు. సల్ఫేటు మిక్కుటమైన నీరు అలవాటు లేనివారికి విరేచనములు కలిగించును. నీటిని కాచినచో క్రిములు చచ్చును గాని లవణములు పోవు. రుచి మారిన నీటిని జిల్లా పరీక్షాశాలకు పంపుటయే సరియైన మార్గము.

నీరు చాలని యింట మొదట తగ్గునది చేతులు కడుగుకొనుట. అతిసారము ప్రబలుటకు అదియే దారి. కావున బావి కొలత ఆరోగ్యరక్షణలో భాగము.

కొలత తీర్పు చెప్పును

గనికి దగ్గరగా ఒక బావియు, దూరముగా అదే జాతి రాతిలో వేరొక బావియు ఉన్నవనుకొందము. గనికి పూర్వము మే నెలలో దగ్గర బావిలో నీరు 6 మీటర్ల లోతున, దూరపు బావిలో 7 మీటర్ల లోతున నుండెను. కొన్నియేండ్లకు అదే నెలలో దగ్గర బావిలో 11, దూరపు బావిలో 9 మీటర్లకు దిగినది. దూరపు బావి 2 మీటర్లు తగ్గుటకు వానలేమి కారణము కావచ్చును. దగ్గర బావి తగ్గిన 5 మీటర్లలో మిగిలిన 3 మీటర్లకు గని జవాబు చెప్పవలెను. గనికి పూర్వపు అంకె లేనిచో ఈ లెక్కయే లేదు.

2020 నాటి కేంద్ర నియమముల ప్రకారము భూగర్భజలమును తోడు గనులు అనుమతి పొంది, పరిశీలక బావులను ఏర్పరచి నీటిమట్టమును నమోదు చేయవలెను. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారము కొత్త గనిని గూర్చి బహిరంగ విచారణ జరుగును. అందుకు కనీసము 30 దినముల ముందు ప్రకటన వెలువడవలెను. నివేదిక సారాంశము స్థానిక భాషలో లభించును.

గ్రామస్థులు చేయవలసినది

వానలకు ముందు ఒకసారి, వానలు వెలిసిన పిదప ఒకసారి, బావి గట్టునుండి నీటివరకు గల లోతును త్రాటితో కొలిచి, తేదీతో పుస్తకమున వ్రాసియుంచుడు. కొలుచుటకు కొన్ని గంటల ముందు నీరు తోడరాదు. ఏటేట నీటిని పరీక్ష చేయించుడు. విచారణకు వెళ్ళునపుడు ఆ పుస్తకమును వెంట తీసికొనిపొండు. మా బావి ఎండినదను మాట ఫిర్యాదు మాత్రమే. తేదీలతో కూడిన కొలత సాక్ష్యము. గని మూతపడి, పంపులు ఆగి, నీరు తిరిగి పైకి చేరుటకు ఏండ్లు పట్టవచ్చును. అంతవరకు ఆ పుస్తకమును భద్రపరచుట బావి నీరు త్రాగు ప్రతివారి బాధ్యత.