అటక మీది సీసాలు

పండుగకు ఇల్లు దులిపేటప్పుడు అటక మీదనుంచి ఏమేం దిగుతాయో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. అడుగున కాస్త మిగిలిన బొద్దింకల మందు, మూత తుప్పు పట్టిన పెయింటు డబ్బా, ఎప్పుడో కొన్న యాసిడ్, కాలం చెల్లిన టానిక్కులు, మాడిపోయిన ట్యూబ్‌లైట్లు. కొన్ని ఇళ్ళలో నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు కూడాను. "ఇన్నాళ్ళూ ఏమీ కాలేదుగా" అని కొందరు మళ్ళీ పైకెక్కిస్తారు. మరికొందరు అన్నిటినీ ఒకే సంచిలో కుక్కి చెత్తబండిలో వేస్తారు. రెండూ పొరపాట్లే.

ముందు సీసా సంగతి చెప్పాలి. దొడ్డి కడిగే యాసిడ్‌నూ, టర్పెంటైన్‌నూ కూల్‌డ్రింకు సీసాలో పోసి వుంచే అలవాటు మనవాళ్ళలో చాలామందికి వుంది. అక్షరాలు రాని పిల్లవాడు సీసాను చూసే గుర్తుపడతాడు గదా! ఒక్క గుక్క యాసిడ్ చాలు, అన్నవాహిక కాలిపోతుంది. పుండు మానేటప్పుడు గొట్టం ముడుచుకుపోతే నెలల తరబడి ముద్ద దిగదు. పొరపాటున తాగితే వాంతి చేయించకండి. ఉప్పునీళ్ళు పట్టడం, గొంతులో వేలు పెట్టడం అసలు కూడదు. లోపలికి పోతూ కాల్చినది పైకి వస్తూ మరోసారి కాలుస్తుంది. కిరసనాయిలు, టర్పెంటైన్ అయితే వాంతితోపాటు ఊపిరితిత్తుల్లోకి పోయి వాపు తెస్తాయి. ఆ సీసాను కూడా చేతపట్టుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

వదిలించుకుందామని యాసిడ్‌నూ, బ్లీచింగ్ పౌడరునూ ఒకే తూములో పోసేవారున్నారు. అందులోంచి క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915లో జర్మన్లు యుద్ధరంగంలో శత్రువుల మీదికి వదిలినది యీ వాయువునే. స్నానాలగదిలో దానితో మనకేం పని?

పాదరసం థర్మామీటరు పగిలితే చీపురు పట్టకండి. పూసలు మరీ చిన్నవై గదంతా చెదురుతాయి. వాటి ఆవిరికి వాసన వుండదు. పిల్లల్ని బయటికి పంపి, కిటికీలు తెరిచి, చేతి వుంగరాలు తీసి పక్కన పెట్టండి. పాదరసం బంగారాన్ని పట్టుకుంటుంది. రెండు అట్టముక్కలతో పూసలను దగ్గరికి చేర్చి, గట్టి మూత వున్న సీసాలోకి ఎత్తండి.

బొమ్మల్లో, రిమోట్లలో వుండే బిళ్ళ బ్యాటరీలు పాతబడినా ప్రమాదమే. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాలవచ్చు. మింగాడేమోనని అనుమానం వస్తే చాలు, ఎక్స్‌రేకు తీసుకుపోండి. తీసేసిన బిళ్ళకు రెండువైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట దాచండి.

ఇక ఎర్ర సిలిండరు. ముల్లు పచ్చగీత దాటి కిందికి వచ్చినంత మాత్రాన లోపల ఒత్తిడి పూర్తిగా పోయిందనుకోకండి. నాలుగు డబ్బులకు ఆశపడి పాత ఇనుము వానికి అమ్మితే, అతను దానిని సమ్మెటతో కొడతాడు. పేలితే పోయేది అతని ప్రాణం. సిలిండర్లు నింపే దుకాణానికే అప్పగించండి. వాళ్ళు ఒత్తిడి దించి, పొడి తీసి, డొల్ల చేస్తారు.

ఇటువంటి వాటిని తడిచెత్త, పొడిచెత్తలతో కలపకుండా వేరుగా ఇవ్వాలని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. మీ మునిసిపాలిటీవారు వీటిని ఎక్కడ, ఏ రోజున తీసుకుంటారో వార్డు ఆఫీసులో అడగండి. అంతవరకు ఏ సీసాలోది ఆ సీసాలోనే, లేబులుతో సహా వుంచండి. ఇంట్లో ఇన్సులిన్ పొడుచుకునేవారు సూదులను గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, పైన 'సూదులు' అని పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. చెత్త తీసే మనిషి చేతికి తొడుగు వుండకపోవచ్చు.