ఎక్కించునది ఇంజను, దించునది బ్రేకు

అలిపిరి యొద్ద త్రోవలు రెండుగా చీలును. కాలినడకను వెళ్లువారు మెట్ల మార్గమును, బండ్లపై వెళ్లువారు ఘాట్ రోడ్డును పట్టుదురు. మొదటి ఘాట్ రోడ్డు 1944లో ఏర్పడినది. 1974లో రెండవది దానికి తోడైనది. ఎక్కుటకు రెండవ మార్గమును, దిగుటకు మొదటి మార్గమును వాడుట పరిపాటి. వేగమును అదుపు చేయుటకై ఈ మార్గములకు కనీస ప్రయాణ కాలమును నిర్ణయించినపుడు, ఎక్కుటకు 28 నిమిషములు, దిగుటకు 40 నిమిషములు అని పెట్టిరి. వినినంతనే ఇది విపరీతముగా తోచును. ఎక్కుట కష్టము, దిగుట సులభము గదా! సులభమైన దానికి ఎక్కువ కాలమేల? పాత కారును ఇంటివద్ద బాగుచేసికొన దలచిన వారు తొలుత ఆలోచింపవలసినది ఈ ప్రశ్ననే. మేము దీనికి సమాధానమును ఆలస్యముగా నేర్చుకొంటిమి.

మన పట్టణములలో అనేక గృహముల ముంగిట గుడ్డ కప్పిన పాత కారు ఒకటి కనబడుచుండును. అమ్ముదమన్న ధర రాదు. తుక్కునకు వేయుదమన్న మనసు రాదు. అట్టి వానిలో మారుతి 800 అగ్రగణ్యము. 1983 డిసెంబరు 14వ తేదీన తొలి బండి యజమాని చేతికి వచ్చినది. 1986లో దాని రూపము మారినది. 2014 జనవరితో తయారీ ముగిసినది. మేము చెప్పబోవునది కార్బురేటరు గల ఆ పాత బండిని గూర్చియే.

దీనిని సామాన్యపు బండియని చులకన చేయనక్కరలేదు. 1986 నాటి రూపమునకు మూలము, 1984లో జపానులో వెలువడిన సుజుకీ ఆల్టో. అదే ఆల్టోకు టర్బో ఇంజనును అమర్చి 1987లో 'ఆల్టో వర్క్స్' అను స్పోర్ట్స్ కారును ఆ సంస్థ జపానులో విడుదల చేసినది. కేవలము 543 ఘన సెంటీమీటర్ల ఇంజను 64 అశ్వశక్తి నిచ్చుట ఆనాటికి గొప్ప విశేషము. మన 800 ఇంజను 796 ఘన సెంటీమీటర్లదైనను దాని శక్తి 40కి లోపే. ఐనను రెండింటిదీ ఒకే వంశము. నిస్సాన్ సంస్థ 1969లో తెచ్చిన ఫెయిర్‌లేడీ జెడ్ కారును, మాజ్డా సంస్థ 1989లో తెచ్చిన రోడ్‌స్టర్ కారును నేటికిని ఇంటి షెడ్లలో పునరుద్ధరించుకొనువారు లోకమందు పెక్కురు కలరు. మాజ్డా సంస్థయే 2017లో తన పాత రోడ్‌స్టర్లను బాగుచేసి యిచ్చు ఏర్పాటును ప్రకటించినది. స్పోర్ట్స్ కారైనను, సంసారుల కారైనను, ముదిమిలో వచ్చు రోగములు మాత్రము ఒక్కటే: త్రుప్పు, వేడి, వదులైన తీగ, ఎండిన రబ్బరు.

మా యింటి కారు నాలుగేండ్లు కదలక నిలిచియుండెను. దానిని మరల నడుపవలెనను ఉత్సాహముతో మేము మొదట చేసిన పని రంగు వేయించుట. టింకరింగు పూర్తియై, క్రొత్త రంగుతో బండి నిగనిగలాడినది. ఇంజను మేలుకొన్నది. ఇరుగుపొరుగువారు మెచ్చుకొనిరి. ఆ సంతోషములో, వెనుక సీటున మా తల్లిగారిని కూర్చుండబెట్టుకొని తిరుమలకు బయలుదేరితిమి.

కొండ సగమైనను ఎక్కకమునుపే ఉష్ణము తెలుపు ముల్లు ఎఱ్ఱ గీతను దాటెను. ప్రక్కకు తీసి నిలిపి, బండి చల్లబడువరకు కాచుకొని, మెల్లగా పైకి చేరితిమి. ఇక దిగుట సులభమే గదా యనుకొంటిమి. దిగుచుండగా, మలుపు మలుపునకును బ్రేకు త్రొక్కుచుండగా, పెడలు కొంచెము కొంచెముగా లోతునకు పోసాగెను. చివరకు ఒక మలుపు వద్ద పెడలు అడుగు పలకను తాకినది. బండి మాత్రము నిలువలేదు. రెండవ గేరునకు, తరువాత మొదటి గేరునకు మార్చి, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగి, కొండ వైపు అంచున నిలుపగలిగితిమి. తల్లిగారు ఏమియు ననలేదు. "ఇప్పుడు దిగవచ్చునా, నాయనా?" అని మాత్రము అడిగిరి. ఆ ప్రశ్న మా చెవులలో నేటికిని నిలిచియున్నది.

ఈ రెండు లోపములను విడివిడిగా విచారింతము.

మొదటిది, ఇంజను కాగుట. ఇంటికి వచ్చిన పిదప మేము రేడియేటరును మార్చితిమి, గుణము కనబడలేదు. థర్మోస్టాటును మార్చితిమి, గుణము కనబడలేదు. డబ్బు వ్యయమైనది గాని రోగము అట్లే యున్నది. తుదకు ఒక రాత్రి ఫ్యాను తిరుగుట మొదలుకాగానే ముందరి దీపముల కాంతి తగ్గుట గమనించితిమి. నిజమునకు అంతకుముందు కూడ చూచియుంటిమి, చూచియు లెక్కచేయలేదు. బ్యాటరీ ఋణ ధ్రువమునకును, బండి శరీరమునకును నడుమ వోల్టు మీటరును పెట్టి, ఫ్యానును దీపములను వేసి చూచితిమి. అచట ముల్లు కదలనే కూడదు. కదలినను వోల్టులో అయిదవ వంతునకు మించరాదు. మాకు సుమారు 3 వోల్టులు చూపినది. అనగా ఫ్యానునకు చేరవలసిన 12 వోల్టులలో నాలుగవ వంతు త్రోవలోనే పోవుచున్నదన్నమాట.

కారణమేమి? కారులోని విద్యుత్తు బ్యాటరీ నుండి తీగ వెంట పోయి, తిరిగి వచ్చునపుడు బండి శరీరపు ఇనుము గుండ వచ్చును. ఆ ఇనుమును బ్యాటరీతో కలుపునది ఎర్తు తీగ. రంగు వేయునపుడు ఆ తీగ బోల్టు కూర్చుండు చోట గూడ రంగు పడినది. రంగు విద్యుత్తును అడ్డగించును. అందువలన ఫ్యాను మందముగా తిరిగినది. సమభూమిపై వేగముగా పోవునపుడు ఎదురుగాలియే రేడియేటరును చల్లార్చును గనుక లోపము బయటపడలేదు. కొండపై వేగము తక్కువ, శ్రమ ఎక్కువ. అచట ఫ్యానే దిక్కు. బోల్టు క్రింది రంగును ఉప్పుకాగితముతో గీకి, తీగను బిగించితిమి. కాగుట మానినది. అందముకొరకు వేసిన రంగే వ్యాధియైనది!

దీనివలన మేము నేర్చిన సూత్రమిది: ప్రశ్న అడుగక భాగమును మార్చరాదు. ఇంజను కాగినపుడు వరుసగా నడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. నీరు తగ్గుచున్నదా? తగ్గినచో ఎక్కడ కారుచున్నది? ఫ్యాను పూర్తి వేగముతో తిరుగుచున్నదా? ఇంజను వేడెక్కిన తరువాత రేడియేటరు అంతట వెచ్చబడుచున్నదా, లేక కొన్ని చోట్ల చల్లగనే యున్నదా? చల్లని చోటు ఉన్నచో లోపల పూడిక యున్నదని యెంచవచ్చును. బోరు నీరు పోసిన బండ్లలో ఉప్పు పేరుకొని గొట్టములు మూసికొనిపోవును. కావున శుద్ధజలములో కూలెంటు కలిపి పోయవలెను. ఇంజను ఆయిలు మూత క్రింద తెల్లని మీగడవంటి పదార్థము కనబడుచు, నీరు కూడ తగ్గుచుండినచో, హెడ్ గాస్కెటు చెడినదేమోయని మెకానిక్కునకు చూపవలెను. వేడి మీద నున్న రేడియేటరు మూతను మాత్రము ఎన్నడును విప్పరాదు. ఒత్తిడిలో నున్న ఆ నీరు మూత విప్పినంతనే ఎగజిమ్మి ముఖమును కాల్చును.

ఇంజను అసలు అందుకొననపుడు ప్రశ్నలు మూడే: నిప్పురవ్వ కలదా? పెట్రోలు చేరుచున్నదా? గాలి సరిగా లోనికి పోయి, సిలిండరులో అదుముబడుచున్నదా? ప్లగ్గును విప్పి చూచినచో కొంత సమాధానము అదే చెప్పును. మసిపట్టి నల్లగా నున్నచో పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. సున్నము వలె తెల్లగా నున్నచో పెట్రోలు తక్కువ, వేడి ఎక్కువ. నూనెతో తడిసియున్నచో ఆయిలు లోనికి దిగుచున్నది. లేత గోధుమ వన్నె ఆరోగ్యమునకు గురుతు. ఏండ్ల తరబడి నిలిచిన బండిలో పెట్రోలు చెడి జిగురువలె మారి, కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూసివేయును. టాంకును ఖాళీచేసి కడిగి, ఫిల్టరును మార్చి, పిదప కార్బురేటరును శుభ్రపరుపవలెను. ఈ వరుస తప్పినచో టాంకులోని త్రుప్పు మరల వచ్చి చేరును.

ఇందు క్రొత్త విషయమొకటి కలదు. 20 శాతము ఎథనాలు కలిపిన పెట్రోలు మన దేశములో 2023 నుండి దశలవారీగా బంకులకు వచ్చినది. ఎథనాలు నీటిని పీల్చుకొనును. దానికై తయారుకాని పాత రబ్బరును చెరచును. కావున పాత బండిలోని పెట్రోలు గొట్టములన్నిటిని ఎథనాలునకు తాళగల క్రొత్తవానితో మార్చుట మొదటి వారములోనే జరుగవలసిన పని. వేడి ఇంజను మీద పెట్రోలు బొట్టు కారుట ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక రెండవ లోపము, ప్రాణముతో ముడిపడినది. తిరుపతి పట్టణము కంటె తిరుమల సుమారు 700 మీటర్లు ఎత్తున నున్నది. నలుగురు మనుషులతో కూడిన చిన్న కారు బరువు సుమారు 900 కిలోలనుకొందము. అంత బరువు అంత ఎత్తునుండి దిగునపుడు విడుదలయగు శక్తి, దాదాపు 20 లీటర్ల నీటిని మరిగించుటకు చాలును. ఆ వేడిలో ఇంజను కొంత భాగమును పంచుకొనకున్నచో, దాదాపు అంతయు బ్రేకులే భరింపవలెను. ఎక్కునపుడు శ్రమ ఇంజనుది. అది అలసినచో బండి నిలిచిపోవును, అంతే. దిగునపుడు శ్రమ బ్రేకుది. అది అలసినచో బండి నిలువదు. 28 నిమిషములకును 40 నిమిషములకును గల భేదములోని మర్మమిదియే. వేడి పుట్టుటకు, అది గాలిలో కలిసిపోవుటకు నడుమ వ్యవధి కావలెను.

మా పెడలు ఏల లోతునకు పోయినది? బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొను గుణము కలది. డాట్ 3 రకపు క్రొత్త ఆయిలు కనీసము 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగదు. తేమ చేరిన పిదప అది 140 డిగ్రీల చెంతనే మరుగవచ్చును. మరిగినచో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము అణగదు గాని ఆవిరి అణగును. అందువలన మన పాదబలము చక్రమును చేరక బుడగలను నొక్కుటతోనే సరిపోవును. మా బండిలోని ఆయిలు ఎన్నేండ్లదో మాకే తెలియదు. డబ్బాలో అది కాఫీ డికాక్షను వలె నల్లబడియుండెను. రంగునకు వేలు వెచ్చించిన మేము, కొద్దిపాటి వెలగల ఈ ఆయిలును మార్చలేదు.

కావున రెండేండ్ల కొకసారి బ్రేకు ఆయిలును పూర్తిగా మార్పించవలెను. ఇంటివద్ద చేయ నేర్చినవారు, ఒకరు పెడలు త్రొక్కుచుండగా మరొకరు చక్రము కడ నిపులును విప్పి బిగించుచు, గాలి బుడగలు పోవువరకు ఆయిలును వదలుదురు. సాధారణముగా మాస్టరు సిలిండరునకు దూరమైన చక్రముతో మొదలిడుదురు. పైడబ్బా నడుమ ఖాళీ కాకుండ చూచుకొనవలెను. బండిని నిలిపియుంచి పెడలును గట్టిగా అరనిమిషము నొక్కి పట్టుడు. అది మెల్లగా దిగజారినచో, ఎక్కడనో ఆయిలు కారుచున్నది, లేదా మాస్టరు సిలిండరులోని రబ్బరు వాషర్లు అరిగినవి. అట్టి బండి ఇల్లు కదలరాదు. లైనింగుల ధూళిని నోటితో ఊదరాదు; పాతవానిలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, తడిగుడ్డతో తుడువవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి దూరరాదు. గట్టి స్టాండ్లు పెట్టి, నేలపై నున్న చక్రములకు రాళ్లు అడ్డు వేయవలెను. పనిచేసిన పిదప మొదట ఇంటి వీథిలో మెల్లగా నడిపి, నిలుపుట సరిచూచుకొనవలెను. సందేహము మిగిలినచో అనుభవజ్ఞుడైన మెకానిక్కు చేతికి అప్పగించుట చిన్నతనము కాదు.

దిగునపుడు పాటింపవలసిన పెద్దల మాట యొకటి కలదు: ఏ గేరులో ఎక్కుదువో ఆ గేరులోనే దిగుము. పెట్రోలు కలిసివచ్చునని ఇంజను ఆపియో, న్యూట్రలులో పెట్టియో దిగుట ప్రాణముతో చెలగాటము.

పాత కారునకు చట్టము కూడ ఒక పరీక్ష పెట్టినది. సొంత కారు రిజిస్ట్రేషను 15 ఏండ్లకు ముగియును. తరువాత బండిని తనిఖీ చేయించి అయిదేసి ఏండ్లకు పొడిగించుకొనవలెను. దానిని కాగితపు తంతుగ భావింపక, మన పనిని మరొకరు సరిచూచు అవకాశముగా గ్రహించుట మేలు. కొండకు పోదలచినవారు పాత బండ్లను గూర్చి ఆనాటికి అమలులో నున్న నిబంధనలను ముందుగనే విచారించుకొనవలెను.

ఇప్పుడు మేము మా పనుల వరుసను మార్చుకొంటిమి. మొదట నిలుపునవి: బ్రేకులు, టైర్లు, స్టీరింగు. పిదప చల్లార్చునవి. తరువాత నడిపించునవి. రంగు అన్నిటికంటె చివరిది. మా కారునకు బంపరు ప్రక్క ఒక సొట్ట నేటికిని అట్లే యున్నది. బ్రేకు ఆయిలు మాత్రము తేనెవలె తేటగా నున్నది. ఆ తరువాత ఒక ఉదయమున మా తల్లిగారితో మరల కొండకు వెళ్లి, రెండవ గేరులో, నిబ్బరముగా దిగి అలిపిరి చేరితిమి. ఆమె త్రోవ పొడుగునను కునికిపాట్లు పడుచుండిరి. ఇంతకు మించిన యోగ్యతాపత్రము మాకు అక్కరలేదనిపించినది.