వార్తల్లో పదం: స్క్రీన్ రీడర్

ఆన్‌లైన్‌లో గుర్తింపును నిర్ధారించే ఈ-కేవైసీలో కెమెరా ముందు కళ్లార్పమంటారు. చూపు లేనివారు, యాసిడ్ దాడిలో కళ్లు దెబ్బతిన్నవారు ఏం చేయాలి? వారి పిటిషన్లపైనే 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది: డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని.

ఆ సేవలను చూపు లేనివారికి అందించేది స్క్రీన్ రీడర్, అంటే తెరమీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియాకు చెందిన అంధుడు మైఖేల్ కరన్ 2006లో మొదలుపెట్టిన ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితం, తెలుగూ చదువుతుంది.

చిక్కంతా వెబ్‌సైట్లతోనే. గణపవరంలో కూర్చుని ఆన్‌లైన్‌లో ఫీజు కట్టాలనుకునే అంధ విద్యార్థి మౌస్ పట్టడు, కీబోర్డు మీది ట్యాబ్ కీ నొక్కుతూ వెళతాడు. 'సబ్మిట్'ను అసలైన బటన్‌గా రాయకుండా, ఉత్త రంగు డబ్బాకు జావాస్క్రిప్ట్ తగిలించి వదిలేస్తే ట్యాబ్ అక్కడ ఆగనే ఆగదు. 'ఓటీపీ తప్పు' అని ఎర్రక్షరాలు ప్రత్యక్షమైనా, ఆ మార్పును చదివి చెప్పమని కోడ్‌లో రాయకపోతే అతనికేమీ వినపడదు. పేజీ పనిచేయడం లేదేమో అనుకుంటాడు. ఇది జావాస్క్రిప్ట్ తప్పు కాదు, రాసినవారి బద్ధకం. మామూలు బటన్ ట్యాగ్ వాడితే సగం పీడ విరగడవుతుంది. ఇక వంకర అక్షరాల క్యాప్చా ఉందే, దానికి ఆడియో కూడా పెట్టకపోతే పక్కింటివారిని పిలవాల్సిందే, పాస్‌వర్డ్‌తో సహా అప్పగించాల్సిందే.